మదనపల్లె పాట, కలకత్తా వార్త

(చౌడేపల్లెలో చేసిన స్మారక ఉపన్యాసానికి ముద్రిత పాఠం)

1911 డిసెంబరు 28 ఉదయం కలకత్తాలో పత్రిక విప్పినవాళ్లకు ఒకే సభ గురించి రెండు రకాల వార్తలు కనిపించాయి. స్టేట్స్‌మన్, ఇంగ్లిష్‌మన్ పత్రికల ప్రకారం ముందురోజు కాంగ్రెస్ మహాసభ ఒక పాటతో మొదలైంది. చక్రవర్తి అయిదో జార్జికి స్వాగతం చెప్పడానికి రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ పాటను ప్రత్యేకంగా కట్టాడు. బెంగాలీ, అమృతబజార్ పత్రికల్లో రాసింది వేరు. సభ మొదట్లో పాడింది ప్రార్థన వంటి ఒక బెంగాలీ దేశభక్తి గీతం. ఆ తర్వాత చక్రవర్తి దంపతులకు స్వాగత తీర్మానం చేశారు. తీర్మానం అయ్యాక చక్రవర్తిని కీర్తించే హిందీ పాట ఒకటి పాడారు.

రెండో పక్షమే నిజం. మొదట పాడిన బెంగాలీ గీతం ‘జనగణమన’. తర్వాత పాడిన హిందీ పాట ‘బాద్‌షా హమారా’, రాసింది రాంభుజ్ దత్ చౌధురి. ఆ హిందీ పాట పేరు ఇవాళ ఎవరికీ గుర్తు లేదు. దానికి చెందాల్సిన అపవాదు మాత్రం నూట పదేళ్లు దాటినా జనగణమనను వదల్లేదు. మన జాతీయ గీతం తెల్లదొరను పొగుడుతూ రాసిందనీ, ఆ నిజాన్ని ప్రభుత్వాలూ చరిత్రకారులూ పత్రికలూ కూడబలుక్కుని దాచిపెట్టారనీ చెప్పే సందేశం ప్రతి పంద్రాగస్టుకూ ఫోన్లలో తిరుగుతుంది.

పొద్దుటి బస్సులో దిగిన పత్రికల కట్ట విప్పి ఇంటింటికీ పేపరు వేయడం బతుకుతెరువుగా చేసుకున్న ఒక పెద్దమనిషి జ్ఞాపకార్థం ఏర్పాటైన ఉపన్యాసం ఇది. వార్తల మీద నమ్మకం, కుట్ర కథల బలం అనే విషయాన్ని చౌడేపల్లెలో మాట్లాడుకోవడానికి ఈ పాట కన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. ఆ అపవాదుకు గట్టి సమాధానాల్లో ఒకటి ఇక్కడికి గంట ప్రయాణంలో, మదనపల్లెలో ఉంది.

ముందుగా ఆ తప్పు ఎలా దొర్లి ఉంటుందో చూడాలి. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదో జార్జి బెంగాల్ విభజనను రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు. ఆరేళ్ల ఉద్యమం గెలిచింది. కలకత్తా సంబరంలో ఉంది. నెలాఖరుకు చక్రవర్తి ఆ నగరానికే రాబోతున్నాడు. సరిగ్గా ఆ మధ్య రోజుల్లో, 26 నుంచి 28 దాకా, బిషన్ నారాయణ్ దర్ అధ్యక్షతన కాంగ్రెస్ సభలు జరిగాయి. రెండో రోజు కార్యక్రమంలో రెండు పాటలూ ఒక తీర్మానమూ ఉన్నాయి. తీర్మానం రాజును స్వాగతించేదే, ఒక పాట రాజును పొగిడేదే. స్టేట్స్‌మన్, ఇంగ్లిష్‌మన్ విలేకరులకు బెంగాలీ, హిందీ ఏ మేరకు వచ్చో చెప్పలేం గానీ, పేరున్న కవి పేరును పొగిడే పాటకు అంటించి వార్త పంపారు. తప్పు సగం నిజంలా వినిపించింది కాబట్టే నిలబడింది. దీని వెనక ఏ కుట్రా ఉండనక్కర్లేదు, హడావుడీ అజాగ్రత్తా చాలు. రాయిటర్ వార్తా సంస్థ దాదాపు ఇదే కథనాన్ని లండన్‌కు పంపింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కలకత్తా పాఠకుడు కావాలంటే పక్కింట్లో బెంగాలీ పత్రిక అడిగి తెచ్చుకుని పోల్చుకోగలడు. సభకు వెళ్లొచ్చిన బంధువును అడగగలడు. లండన్ పాఠకుడికి ఆ వీలు లేదు. అతనికి చేరింది ఒకే తీగ మీద వచ్చిన ఒకే మాట. ఒకే వార్త ఒకచోట అనుమానంగా, ఇంకోచోట ఖాయమైన నిజంగా స్థిరపడటానికి పాఠకుడి తెలివితేటలకన్నా అతని చుట్టూ ఉన్న దారులు ఎక్కువ కారణం.

ఆ పత్రికలు తప్పు దిద్దుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ వార్త వచ్చినంత పెద్దగా సవరణ రాలేదు. 1912 జనవరిలో తత్త్వబోధిని పత్రిక ఆ పాటను ‘భారత భాగ్య విధాత’ అన్న పేరుతో, బ్రహ్మ సంగీతంగా పేర్కొంటూ అచ్చువేసింది. బ్రహ్మ సంగీతమంటే బ్రహ్మసమాజం ప్రార్థనల్లో పాడే దైవగీతం. పాట పూర్తి పాఠంలో అయిదు చరణాలున్నాయి. మనం పాడేది మొదటిదే. తర్వాతి చరణాల్లో కవి ఆ భాగ్యవిధాతను యుగయుగాల సారథి అని పిలుస్తాడు, ఆపదలో ఒడిలోకి తీసుకునే తల్లి అంటాడు. అయిదో జార్జిని తల్లీ అని పిలిచే కవి ఎవడుంటాడు? పాట మొత్తం చదివితే అనుమానం తీరిపోతుంది. చదవరు గనకే అపవాదు బతికింది.

అదే కాలంలో తూర్పు బెంగాల్, అస్సాం ప్రభుత్వం ఠాగూర్ శాంతినికేతన్ బడి ప్రభుత్వోద్యోగుల పిల్లలకు తగదంటూ రహస్య సర్క్యులర్ ఇచ్చింది. రాజును పొగిడి మెప్పు పొందాడంటున్న మనిషి బడి మీద ఆ రాజు ప్రభుత్వమే కన్నేసి ఉంచిందన్నమాట. కుట్ర కథకు ఈ వివరం అడ్డం. అడ్డమొచ్చిన వివరాన్ని కథ పక్కకు తోసేసి ముందుకు వెళ్లిపోయింది. 1913లో నోబెల్ బహుమతి, 1915లో సర్ బిరుదు వచ్చాయి గదా, అవన్నీ ఆ పాటకు కూలి అన్నారు. 1919 మే 31న, జలియన్‌వాలా బాగ్ తర్వాత, ఆయన ఆ బిరుదు వద్దని వైస్రాయికి లేఖ రాసిన సంగతి మాత్రం చెప్పరు.

ఆ లేఖకు మూడు నెలల ముందు ఠాగూర్ మదనపల్లెలో ఉన్నాడు. దక్షిణాది పర్యటనలో అలసిపోయి, జేమ్స్ కజిన్స్ ఆహ్వానం మీద, ఆయన పనిచేస్తున్న బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చాడు. అనిబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది. 1919 ఫిబ్రవరి చివరి రోజులు. ఒక సాయంత్రం విద్యార్థులూ ఉపాధ్యాయులూ కూడి పాటలు పాడుకుంటుంటే ఠాగూర్ తన పాట ఒకటి అందుకున్నాడు. అదే జనగణమన. జేమ్స్ భార్య, సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్, ఆ బాణీని స్వరలిపిలో పెట్టింది. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటను స్వయంగా ఇంగ్లీషులోకి తెచ్చి, భారతదేశపు ఉదయగీతం అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. కాలేజీ దాన్ని రోజువారీ ప్రార్థనగా తీసుకుంది. దేశం దాన్ని జాతీయ గీతంగా స్వీకరించింది 1950 జనవరి 24న. అప్పటికి మూడు దశాబ్దాల ముందే మదనపల్లె పిల్లలు పొద్దున్నే ఆ పాట పాడారు.

ఇదంతా ఈ ప్రాంతంలో బడికి వెళ్లిన చాలామంది విన్నదే. అంతగా చెప్పుకోనిది జేమ్స్ కజిన్స్ సంగతి. ఆయన ఐర్లండు కవి. మద్రాసులో అనిబిసెంట్ నడిపిన న్యూ ఇండియా పత్రికలో పనిచేశాడు. 1916 ఈస్టర్ రోజుల్లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ ఆ పత్రికలో రాశాడు. యుద్ధం నడుస్తున్న కాలం. పత్రికల చట్టం కత్తి నెత్తిమీద వేలాడుతోంది. అదే ఏడాది ప్రభుత్వం న్యూ ఇండియా కట్టిన రూ.2,000 ధరావతు జప్తు చేసి, రూ.10,000 కొత్తగా కట్టమంది. కజిన్స్ పత్రిక ఉద్యోగం పోయింది. అనిబిసెంటే ఆయన్ని మదనపల్లె కాలేజీకి పంపింది. మరుసటి ఏడు హోంరూల్ ఉద్యమానికి గాను ఆమెనే ఊటీలో నిర్బంధించారు.

ఇంగ్లీషు రాజు మీద తిరగబడ్డవాళ్లను మెచ్చుకుని ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, ఆ రాజునే పొగిడే పాటను తన విద్యార్థుల చేత రోజూ పొద్దున్నే పాడిస్తాడా? హోంరూల్ కోసం నిర్బంధం అనుభవించిన మనిషి పెట్టిన కాలేజీ దాన్ని ప్రార్థనగా తీసుకుంటుందా? ఆ సాయంత్రం అక్కడున్నవాళ్లకు పాట అర్థమేమిటో ఠాగూరే చెప్పాడు. వాళ్లలో ఎవరూ అందులో జార్జి చక్రవర్తిని చూడలేదు. 1937 నవంబరులో జాతీయ గీతం ఏది కావాలన్న వాదం దేశమంతా సాగుతున్నప్పుడు మదనపల్లె కాలేజీ నుంచి కజిన్స్ పత్రికలకు ప్రకటన ఇచ్చాడు. దాదాపు ఇరవై ఏళ్లుగా అనధికారంగా ఉన్నదాన్నే అధికారికం చేయండి, జనగణమనను జాతీయ గీతంగా స్థిరపరచండి అని అందులో కోరాడు. ఆ కాలేజీ ముందు నుంచి వెళ్లే బస్సుల్లో కూర్చుని, ఆ పాటను తప్పుపట్టే వీడియోను చేతిలో ఫోన్‌లో చూస్తూ తలూపడం ఎంత బాధాకరం!

ఠాగూర్ సమాధానమిచ్చిందీ ఆ 1937 నవంబరులోనే, పులిన్ బిహారీ సేన్‌కు రాసిన లేఖలో. సర్కారులో పలుకుబడి ఉన్న ఒక మిత్రుడు చక్రవర్తి మీద పాట రాయమని అడిగాడని, ఆ కోరికకు తనకు ఆశ్చర్యమూ మంటా కలిగాయని, ఆ మంటలోంచే భారత భాగ్యవిధాతను కీర్తించే పాట పుట్టిందని చెప్పాడు. ఆ విధాత ఏ జార్జీ కాలేడని ఆ మిత్రుడికి సైతం అర్థమైందని రాశాడు. 1939లో మళ్లీ ఎవరో అడిగితే, తనను అంత తెలివితక్కువవాడిగా అనుకునేవాళ్లకు జవాబివ్వడం తనను తాను అవమానించుకోవడమే అన్నాడు.

ఆయన కోపం న్యాయమైనది. అయినా ఒక మాట అనక తప్పదు. తప్పు వార్తకూ మొదటి లేఖకూ మధ్య ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఆ ఇరవై ఆరేళ్లలో ఒక తరం పుట్టి పెరిగి ఆ వార్తనే విన్నది. నిజం తెలిసినవాళ్లు పరువు తక్కువనుకుని ఊరుకున్న ప్రతిసారీ తెలియనివాళ్ల మాట ఒక మెట్టు ఎక్కుతుంది. 1949లో ప్రబోధచంద్ర సేన్ ఆనాటి పత్రికల కథనాలన్నీ పక్కపక్కన పెట్టి పుస్తకం వేశాడు. ఏ పత్రిక ఏం రాసిందో అందులో ఉంది. అయినా 2015 జూలైలో రాజస్థాన్ గవర్నర్ హోదాలో కల్యాణ్ సింగ్ ఒక విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో, అధినాయక అన్నది బ్రిటిష్ పాలకుల పొగడ్తే గనక ఆ పదాన్ని మార్చాలన్నాడు. గవర్నర్ అన్న మాట కాబట్టి పత్రికలు వేశాయి. అన్నారని వేయడం పత్రిక పనే. కానీ అన్నది తప్పైనప్పుడు నిజమేమిటో అదే వార్తలో, అదే పేజీలో చెప్పడం కూడా పత్రిక పనే.

దీనికి జంటగా ఇంకో కథ ఉంది. ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో జనగణమనను ఎంపిక చేసిందని చెప్పే సందేశం 2008 నుంచి తిరుగుతోంది. యునెస్కో అలాంటి పోటీ పెట్టలేదు, అలాంటి ప్రకటన చేయలేదు. ఒక సందేశం పాటను తిడుతుంది, ఇంకోటి నెత్తిన పెట్టుకుంటుంది. రెండూ అబద్ధాలే. రెండింటినీ ముందుకు పంపేవాడు ఒక్కోసారి ఒకే మనిషి. మొదటిది కోపం తెప్పిస్తుంది, రెండోది ఛాతీ పొంగేలా చేస్తుంది, వేలు మాత్రం ఒకే మీట నొక్కుతుంది. మనకు ఇష్టమైన అబద్ధాన్ని సరిచూసుకోవాలనిపించదు. కుట్ర కథల మీద పోరాడుతున్నామనుకునేవాళ్లు ఈ రెండో రకాన్ని వదిలేస్తే మొదటిదాని మీద మాట్లాడే హక్కు పోతుంది.

ఇంతకీ జనం పత్రికలను ఎందుకు నమ్మడం లేదు? చదువు లేక, తెలివి లేక అని తేల్చేయడం సులువు, అన్యాయం కూడా. అనుమానానికి కారణాలను పత్రికలే ఇచ్చాయి. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తల రూపంలో అచ్చువేశారన్న ఆరోపణలు దేశమంతా వచ్చాయి. మొదట గట్టిగా అన్నవాళ్లలో మన జర్నలిస్టులే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ సొంతంగా సర్వే చేసి పెయిడ్ న్యూస్ లెక్క బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా ఒకరు, తెలుగు పత్రికారంగంలో పెద్ద పేరైన కె. శ్రీనివాస్ రెడ్డి ఇంకొకరు. వాళ్లు 2010లో 71 పేజీల నివేదిక ఇచ్చారు, అందులో పత్రికల పేర్లున్నాయి. కౌన్సిల్ పూర్తి నివేదికను పక్కన పెట్టి పొట్టి నివేదిక వెలువరించింది. కేంద్ర సమాచార కమిషన్ చెప్పాకే, 2011లో, పూర్తి పాఠం జనం ముందుకొచ్చింది. పత్రికల తప్పు మీద పత్రికా రంగపు సొంత సంస్థే దుప్పటి కప్పబోయింది. ఇది కుట్ర కథ కాదు, తేదీలతో రుజువైన విషయం.

అందుకే అనుమానం వేరు, కుట్ర కథ వేరు అని గట్టిగా చెప్పాలి. పెయిడ్ న్యూస్ మీద వచ్చిన అనుమానం కాగితాలు అడిగింది, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టింది, కాగితాలు రాగానే తేలిపోయింది. అయిదో జార్జి కథ అలా కాదు. పాట చూపిస్తే అర్థం మార్చేశారంటుంది, లేఖ చూపిస్తే తర్వాత కల్పించుకున్నాడంటుంది, చరిత్రకారుణ్ణి చూపిస్తే వాడూ వాళ్ల మనిషేనంటుంది. ఏ రుజువు తెచ్చినా దాన్ని కుట్రలో భాగం చేసేసుకుంటుంది. ఏది కనిపిస్తే తన మాట తప్పని ఒప్పుకుంటావో చెప్పమని అడిగితే అనుమానించేవాడి దగ్గర జవాబుంటుంది. కుట్ర కథ చెప్పేవాడి దగ్గర ఉండదు.

ఈ నియోజకవర్గంలో, పక్క నియోజకవర్గాల్లో ఈ తేడా తెలుసుకోవడం ప్రాణావసరం. 2023 ఆగస్టు 4న అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు పర్యటనలో అంగళ్లులోనూ పుంగనూరులోనూ ఘర్షణలు జరిగాయి. పోలీసులు గాయపడ్డారు, కార్యకర్తలు గాయపడ్డారు, వాహనాలు తగలబడ్డాయి. మర్నాడు ఒక వైపు పత్రికల్లో అది ప్రతిపక్ష నేత మీద దాడి, ఇంకో వైపు పత్రికలో అది పోలీసుల మీద ముందే వేసుకున్న పథకం. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. అప్పటికి ప్రభుత్వం మారింది. మర్నాడు డీజీపీ హెలికాప్టర్‌లో దిగి, ఇది ప్రమాదంలా లేదన్నాడు. దర్యాప్తు సీఐడీకి వెళ్లింది. ఈసారీ అంతే, ఎవరు ఏం రాస్తారో పేపరు విప్పకముందే పాఠకుడికి తెలుసు.

ఈ స్థితికి ఎలా చేరామో చూడాలి. ఈనాడు పత్రిక 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలై, 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చి, చౌడేపల్లె మంచినీళ్ల గొడవకూ అచ్చులో చోటు దొరికేలా చేసింది. తెలుగు పాఠకుల సంఖ్య పెరగడానికి ఆ అనుబంధాలు చేసిన మేలు చిన్నది కాదు. 2008 మార్చి 24న సాక్షి వచ్చాక పత్రికల బేరమే మారింది. ఇవాళ ఈ ప్రాంతంలో పార్టీ రంగును బట్టి ఎల్లో మీడియా అనీ నీలి మీడియా అనీ అనని రచ్చబండ లేదు. ‘మీ పేపర్లో ఏం రాసినారన్నా?’ అని అడుగుతారు. ఆ ‘మీ’ అన్న మాటలోనే అంతా ఉంది. పత్రిక ఊరిది కాకుండా పక్షానిది అయిపోయింది. సగం ఊరు సగం పత్రికలను ముట్టుకోదు.

టీ అంగట్లో రెండు పేపర్లూ బల్ల మీద ఉన్నంతకాలం పాఠకుడు 1911 నాటి కలకత్తావాడే. రెండూ చదివి, ఘర్షణ చోట ఉన్న మేనమామను అడిగి, తనంతట తాను ఒక అభిప్రాయానికి వచ్చేవాడు. రెండు పత్రికలూ పక్షం వహించినా అతనికి నష్టం అంతంతమాత్రమే. ఇప్పుడు పార్టీ గ్రూపులో పేపర్ కటింగ్ ఒక్కటే వస్తుంది, ఎదుటి పేపరు రాదు. వీడియోలో తనకు కావలసిన ఇరవై సెకన్లే వస్తాయి. చౌడేపల్లెలో ఉన్నా అతను లండన్ పాఠకుడైపోయాడు. పత్రికలు పక్షం వహించడం ఎప్పుడూ ఉన్నదే, పోల్చి చూసే దారి మూసుకుపోవడం కొత్త.

ఆ దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు ఏమవుతుందో 2018 వేసవి చూపించింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు ఉత్తరాది నుంచి దిగాయని వాట్సాప్‌లో సందేశాలు రాయలసీమ, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక పల్లెలను చుట్టుముట్టాయి. వాటితోపాటు తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపి, అట్ట మీద రాసిన హెచ్చరిక చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని కత్తిరించేశారు.

మే 9న తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర, చెన్నై నుంచి కులదైవం గుడికి కారులో బయల్దేరిన ఒక కుటుంబం దారి తప్పి ఒక ఊళ్లో ఆగింది. వాళ్లలో అరవై అయిదేళ్ల పెద్దావిడ అక్కడున్న పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. ఊరు మీదపడింది. ఆమె చనిపోయింది. అదే నెల 26న హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను అదే పుకారుతో కొట్టి చంపారు. జూలై 13న బీదర్ జిల్లా ముర్కిలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకరిని అలాగే కొట్టి చంపారు. అతనితో ఉన్నవాళ్లలో ఒకరు పిల్లలకు చాక్లెట్లు పంచారన్నదే అక్కడా నేరం.

చౌడేపల్లె మండలంలో ఉన్నవాళ్లు పోలూరు సంగతిని రెండుసార్లు చదవాలి. బోయకొండ గంగమ్మ గుడికి ఆదివారాల్లో వచ్చే జనంలో తమిళం మాట్లాడేవాళ్లున్నారు, కన్నడం మాట్లాడేవాళ్లున్నారు. కార్లు ఆపి దారి అడుగుతారు, పిల్లలను దగ్గరికి పిలిచి అరటిపండో మిఠాయో ఇస్తారు. కొత్త మనిషిని ఆదరించడం ఈ కొండ కింద బతుకులో భాగం. పోలూరు దగ్గరి ఊరివాళ్లూ చెడ్డవాళ్లు కారు. తమ పిల్లలకు హాని జరుగుతుందని భయపడ్డారు. ఆ భయానికి జవాబివ్వగలిగిన మనిషి ఆ క్షణంలో అక్కడ లేడు.

గద్వాలలో అలాంటి జవాబు దొరికింది. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ ఒక పోలీసును బాధ్యుడిగా పెట్టింది. ఆ పోలీసు పల్లెకు వెళ్లి ఇంటింటా మాట్లాడాడు, డప్పు మోగించి పాటలు పాడించాడు, తన నంబరు ఇచ్చి, సందేశం ఏదైనా వస్తే ముందు తనకు పంపమన్నాడు. ఆ వేసవిలో పుకార్ల వల్ల ఆ జిల్లాలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. వాట్సాప్ సంస్థ 2018 జూలైలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపలేకుండా చేసింది. అదీ మంచిదే. కానీ గద్వాల పల్లెల్ని కాపాడింది అడగడానికి పేరు తెలిసిన ఒక మనిషి ఉండటం.

అడగడానికి మనిషి లేని చోట ఒంటరితనం ఎంత దూరం తీసుకుపోతుందో మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకే తెలుసు. 2020 ఫిబ్రవరి రెండో వారంలో తొట్టంబేడు మండలంలో ఒక రైతు, తనకు వచ్చిన మామూలు జ్వరాన్ని కరోనా అనుకుని, ఇంట్లోవాళ్లకు అంటుతుందన్న భయంతో ప్రాణం తీసుకున్నాడు. ఫోన్‌లో వచ్చిన వీడియోలు చూసి చూసి ఆ భయం పెంచుకున్నాడని కుటుంబం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు నెల్లూరులో తేలింది మార్చి 12న. అంటే ఆయన భయపడినప్పటికి రాష్ట్రంలో ఆ జబ్బు ఒక్కరికీ నిర్ధారణ కాలేదు. ఆయన స్వార్థపరుడు కాదు, ఇంటివాళ్ల కోసం ఆలోచించినవాడు. పుకార్లను మూర్ఖులే నమ్ముతారనేవాళ్లు ఆ ఇంటి ముందు నిలబడి ఆ మాట అనగలరా?

ఆ రోజుల్లోనే కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న మాట పాకి కోళ్ల ఫారాల వాళ్లు నిండా మునిగారు. ఫిబ్రవరి 28న హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద మంత్రులు వేదికెక్కి చికెన్ ముక్కలు తిని చూపించారు. జబ్బు ఎలా అంటుతుందో, ఎలా అంటదో ఊరి ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పదిసార్లు చెప్పడం దానికన్నా పనికొచ్చేది. అది ఫొటోకు పనికిరాదు గనక ఎవరూ రాయలేదు.

పత్రికలు తిరిగి నమ్మకం సంపాదించాలంటే మొదలుపెట్టాల్సింది తప్పు దిద్దుకునే చోటు నుంచే. ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు తప్పును వెంటనే, తగిన ప్రాధాన్యంతో సవరించమనే చెబుతున్నాయి. 2006లో హిందూ పత్రిక పాఠకుల తరఫున తప్పొప్పులు చూసే సంపాదకుడిగా కె. నారాయణన్‌ను నియమించింది. నిన్నటి వార్తలో ఏది తప్పో, నిజం ఏదో రోజూ ఒకచోట అచ్చువేసే అలవాటు అప్పటి నుంచి ఆ పత్రికలో సాగింది. పాఠకులు దాన్ని చులకన చేయలేదు. తెలుగు పత్రికలకూ అలాంటి మనిషి కావాలి. జిల్లా పేజీలో అలాంటి చోటు మరీ కావాలి, ఎందుకంటే జిల్లా వార్తలోని తప్పు పాఠకుడికి పేరుతో సహా తెలుసు. తన ఊరి గొడవను తప్పుగా రాసినట్టు కళ్లారా చూసినవాడు ఢిల్లీ వార్తను ఎందుకు నమ్ముతాడు?

రెండో సంగతి మండల విలేకరి జీతం. మన పల్లె వార్తల్లో ఎక్కువ భాగం రాసేవాళ్లకు నెల జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే కాస్త డబ్బుతో బతకమంటారు, ఆపైన ప్రకటనలు కూడా తెమ్మంటారు. పొద్దున ప్రకటన అడిగిన ఇంటి మీదే సాయంత్రం వార్త రాయమంటే ఎవరికైనా కష్టమే. అబద్ధం రాయకుండా ఆ పరిస్థితుల్లోనూ పనిచేస్తున్న విలేకరులు ఈ నియోజకవర్గంలో ఉన్నారు. వాళ్లకు ఊరు చూపించాల్సింది గౌరవం, యాజమాన్యాలు ఇవ్వాల్సింది జీతం.

మూడోది బడి. హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే తప్పుడు సందేశాలను పరీక్షించి రాస్తున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికి ఒక పిరియడు ఆ పని నేర్పడం కష్టమేమీ కాదు. ఒకే సంఘటన మీద రెండు పత్రికలు తెచ్చి పక్కపక్కన పెట్టించాలి. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, ఏ కాగితం ఆధారం, ఏ మాట విలేకరి ఊహ అని గీతలు గీయించాలి. మొదటి పాఠానికి 1911 డిసెంబరు 28 నాటి కలకత్తా పత్రికల కథనాలు సరిపోతాయి. అవి ప్రబోధచంద్ర సేన్ పుస్తకంలో ఉన్నాయి. రెండో పాఠానికి చౌడేపల్లె ఉన్నత పాఠశాల పిల్లలను మదనపల్లె కాలేజీకి తీసుకెళ్లి, పాట అయిదు చరణాలూ అర్థంతో చదివించి, ఇందులో రాజు ఎక్కడున్నాడో వెతకమనాలి. ఆ ప్రయాణానికి ఈ స్మారక నిధి నుంచి బస్సు ఖర్చు ఇవ్వాలని నిర్వాహకులకు విన్నపం.